లాజరు కొట్టిన పచ్చ సున్నం

కర్నూలు పాతబస్తీలో ఒక గుడికి, ఒక దర్గాకు, ఒక చర్చికి ముప్పయ్యేళ్లుగా సున్నం కొడుతున్నది లాజరు ఒక్కడే. మూడు చోట్లా దాతల పేర్ల రాయి ఉంది. ట్యూబ్‌లైటు ఇచ్చినాయన పేరు కూడా అందులో ఉంది. లాజరు పేరు ఎక్కడా లేదు. పైగా సున్నం చుక్క పడి ఎవరి పేరూ మాసిపోకుండా ఆ రాళ్లకు గోనెపట్టా కప్పి మరీ కొట్టేవాడు.

"రాయికి దుప్పటి కప్పే మొగోడివి, నీకు మాత్రం చినిగిన చొక్కాయే" అని భార్య విశ్వాసమ్మ ఎత్తిపొడిచేది. అతను నవ్వేసేవాడు. ఆ రాతిమీద తన పేరు చూసుకోవాలని మాత్రం లోపల ఒక మూల ఆశ.

రెండువేల తొమ్మిదిలో తుంగభద్ర పొంగి ఊళ్లోకొచ్చింది. నీళ్లు తీశాక పాత గోడకూ కొత్త గోడకూ ఒకటే బురద గీత. డిసెంబరులో మూడు చోట్ల నుంచీ ఒకేసారి పిలుపు. దర్గా గోడ గోకుతుంటే పెచ్చులూడాయి. తెలుపు కింద నీలం, నీలం కింద పసుపు, దాని కింద ఏ కాలంలో ఎవరు కొట్టారో తెలియని సున్నం.

"ఈడ గూడా మనోడే ఉండాడు" అని ఒక పెచ్చు జేబులో వేసుకున్నాడు.

దర్గా లోగోడలకు తెలుపు, వెలిగోడలకు పచ్చ కొట్టాడు. సున్నం పారబోయడం అతనికి చేతకాదు. శనివారం సాయంత్రం మసక వెలుతురులో, మిగిలిన తెలుపనుకుని పచ్చ డ్రమ్ము అడుగును చర్చి సున్నంలో కలిపి గోడలకు కొట్టేశాడు. తడిగోడ తన రంగు చెప్పదు. తెల్లారి ఆరాధనకొచ్చిన జనానికి చర్చి లేతపచ్చగా దర్శనమిచ్చింది.

"ఏమప్పా లాజరూ, క్రిస్మస్ ముందర చర్చిని దర్గా చేసి పెట్టినావే!" అరిచాడు సంఘపెద్ద దావీదురాజు.

సంగతి విని గుడి ధర్మకర్త గోవిందయ్య పరుగెత్తుకొచ్చాడు. "మా గుడికి తెచ్చే డ్రమ్ము గూడా ఇదేనా అప్పా?"

దర్గా ముజావరు కాశీం వలీ గడ్డం సవరించుకున్నాడు. "మా దానికన్నా శానా బాగుండాదే. మాకు రంగు తక్కువేసినావా ఏమి?"

సందంతా ఒకటే పేరు: లాజరు, లాజరు, లాజరు.

లాజరు తల గోక్కున్నాడు. "ముప్పై ఏండ్లు తెల్లగా కొడితే నా పేరు ఎవురికీ తెలీలేదు. ఒగ దినం పచ్చగా కొడితే ఊరంతా తెలిసె. అయితే అట్లే ఉండనీండి సామీ!"

దావీదురాజుకు నవ్వాగలేదు. నవ్వాడు గానీ, మళ్లీ తెలుపే కొట్టించాడు. రాతిమీద పేరు చెక్కించే మాటే ఎత్తలేదు. లాజరు కొట్టాడు. దాతల రాయి కింద అరచేయంత పచ్చ మాత్రం వదిలేశాడు. అడిగినవాళ్లకు "నా సంతకంలే" అంటాడు.

ఈ ఏడు మీ వీధిలో గుడికో, మసీదుకో, చర్చికో పేర్ల రాయి నిలబెడుతుంటే మీరు చూస్తూ ఊరుకోకండి. సున్నం కొట్టినవాడినీ, రాళ్లు మోసినామెనూ పేరడగండి. ఆ రాతిమీద మొదటి వరుసలో చెక్కించండి. ట్యూబ్‌లైటు తర్వాత రావచ్చు.