నలభై పళ్ళేలు, ఒక పులిహోర బేసిన్

నేను రిటైర్ కావడానికి సరిగ్గా ఏడాది ముందు, ఒక ఫిబ్రవరిలో, నన్ను గ్రామీణ పర్యాటక సర్వేకు పర్యవేక్షణ అధికారిగా వేశారు. అప్పటికి సీనియర్ స్టాటిస్టికల్ ఆఫీసర్‌ని. నా కింద ఇద్దరు ఇన్వెస్టిగేటర్లు. సెలవు రోజుల్లో ఢిల్లీ నుంచి పల్లెలకు వెళ్ళేవాళ్ళు అక్కడి తిండి మీద ఎంత ఖర్చు పెడుతున్నారో తేల్చడం మా పని. తిరుగు ప్రయాణమయ్యేవాళ్ళను ఊరి చివర ఆపి షెడ్యూల్ నింపుతాం. షెడ్యూల్ అంటే మా భాషలో ప్రశ్నల ఫారం.

నాకు పడిన ఊరు సోహ్నా దాటాక, గుట్టల పక్కన ఉంది. అక్కడ సంతోష్ అనే ఆవిడ (హర్యానాలో అది ఆడవాళ్ళ పేరు కూడా) మరో పదకొండు మంది ఆడవాళ్ళను కూడగట్టి, పంచాయతీ షెడ్డులో సందర్శకులకు డబ్బుకు భోజనం పెట్టేది. సజ్జ రొట్టె, ఆవాకు కూర, వెన్న, మజ్జిగ. ఆ షెడ్డు ట్రాక్టర్లు పెట్టుకోవడానికి కావాలని మగవాళ్ళ పట్టు. సర్వేలో తిండి ఖర్చు బాగా కనిపిస్తే షెడ్డు ఆడవాళ్ళకే ఉంచుతామనీ, లేకపోతే ట్రాక్టర్లకేననీ జిల్లా అధికారులు తేల్చి చెప్పారు. సర్వే కోసం లాటరీ తీసి ఎంచిన నాలుగు ఆదివారాల్లో మూడింటిని పొగమంచు మింగేసింది. మిగిలింది ఒక్కటి. ఆ రోజు నలభై మందిమి వస్తున్నామని ఢిల్లీ నుంచి ఎవరో ఫోన్ చేశారట. సంతోష్ నలభై పళ్ళేలు తోమి బోర్లించింది.

మా ఉద్యోగంలో రెండు నియమాలు కచ్చితం. ఎంపికైన ఊరి పేరు ఇంట్లో కూడా చెప్పకూడదు. జవాబు చెప్పేవాళ్ళు ఏం కొనాలో, ఏం మానాలో మనం వేలు పెట్టకూడదు. మొదటి నియమాన్ని నేను మరీ నిష్ఠగా పాటించానని ఆ రోజు పదకొండు గంటలకు తెలిసింది. బస్సు ఆగింది. ముందుగా పెద్ద స్టీలు క్యారియర్ దిగింది, దాని వెనక మా ఆయన దిగారు.

ఢిల్లీలో మా ఆర్.కె. పురం క్వార్టర్ల తెలుగువాళ్ళంతా పిక్నిక్‌కు వెళ్తున్నారని నాకు తెలుసు. ఎక్కడికని నేను అడగలేదు, నా డ్యూటీ ఎక్కడని ఆయనా అడగలేదు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో కుదిరిన ఒప్పందం అది. దిగినవాళ్ళు దిగినట్టే షెడ్డు ముందు జంపఖానాలు పరిచి మూతలు తీశారు. బేసిన్ నిండా పులిహోర, గిన్నెల్లో దద్దోజనం, ఆవకాయ, గాలి తగలకుండా డబ్బాలో పెట్టిన అప్పడాలు. ఫోన్ చేసింది చోటు కోసమేనట, భోజనాల కోసం కాదట. మనవాళ్ళు స్వర్గానికి వెళ్ళినా పులిహోర కట్టుకునే వెళ్తారు!

షెడ్డు గుమ్మంలో సంతోష్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. మూతలు పెట్టించే అధికారం నాకు లేదు. మా ఆయనకు కళ్ళతో సైగ చేశాను.

"కంట్లో నలుసు పడిందేమోయ్?" అన్నారు మా ఆయన. "రా, నీకూ పెడతాను."

డ్యూటీలో ఉన్నాను, మాట్లాడకండి అన్నాను. ఆ పులిహోర ఆయన చేసిందే. దాన్ని ఎవరైనా మెచ్చుకుంటే ఆయన ఆస్తి రాసివ్వగలరు.

ఎదుటివాళ్ళు చూస్తుండగా వాళ్ళకు పెట్టకుండా తినడం మనకు చేతకాదు. ఆయన వెంటనే సంతోష్‌ను పిలిచారు. "దీదీ, థోడా టేస్ట్ కీజియే!"

ఆవిడ ఒక ముద్ద తింది. కళ్ళు మూసుకుంది. "అరే వాహ్, భాయీసాబ్!" అని మళ్ళీ చెయ్యి చాపింది. మూడోసారి పెట్టించుకున్నాక లోపలికి తిరిగి ఒక్క కేక వేసింది. పదకొండు మందీ వచ్చేశారు. వాళ్ళ వెనక అత్తగార్లు, ఆ వెనక పిల్లలు. మా ఆయన పెళ్ళి పందిట్లో మగపెళ్ళివారికి వడ్డిస్తున్నట్టు హడావిడి పడిపోయారు. మా వాళ్ళంతా పోటీలుపడి పెట్టారు. ఒంటిగంటకల్లా బేసిన్ అడుగు గీరుతున్న చప్పుడు వినిపించింది. దద్దోజనం లేదు. నా వాటా కూడా లేదు.

సంతోష్ గిన్నెలన్నీ కడిగించింది. ఖాళీగా తిరిగివ్వకూడదని ఒక్కోదాంట్లో గుప్పెడు చూర్మా వేసింది. నెయ్యీ బెల్లమూ కలిపి నలిపిన రొట్టె అది. గుప్పెడు తింటే ఆకలి తీరదు, రెచ్చిపోతుంది. మా క్వార్టర్ల పిల్లలు "మమ్మీ, ఔర్ చాహియే" అని మొదలుపెట్టారు. పావుగంటలో నలభై పళ్ళేలూ లేచాయి. మళ్ళీ పిండి కలిపారు. అప్పడాల డబ్బాలో వెన్న పార్శిల్ కట్టించుకున్నవాళ్ళున్నారు. నాకు ఆనందంతో కాళ్ళు నేల మీద నిలవలేదు. అధికారి హోదాకు భంగం కాకూడదని షెడ్డు వెనక్కి వెళ్ళి తనివితీరా నవ్వుకున్నాను.

బంధువులను మనమే ప్రశ్నించకూడదు కనుక మా ఆయన షెడ్యూల్ ఇన్వెస్టిగేటర్ నింపాడు. స్థానిక ఆహారం ఎన్ని పళ్ళేలు కొన్నారంటే, మూడని చెప్పారు. ఎవరెవరికని అడిగితే, మూడూ తనకేనన్నారు.

బస్సు వెళ్ళిపోయాక సంతోష్ నా పక్కన కూర్చుని చెంబెడు మజ్జిగ గటగటా తాగింది. పులిహోర అంత నచ్చిందా అని అడిగాను.

"కహాఁ మేడమ్‌జీ! ఆ పులుపు నా గొంతు దిగితేగా," అంది దవడ పట్టుకుని. "వాళ్ళ డబ్బాలు ఖాళీ కాకపోతే నా పళ్ళేలు ఎట్లా లేస్తాయి?"

ఒంటిగంట దాకా తిండి ఖర్చు గడుల్లో సున్నాలుండి ఆ తర్వాత ఖర్చు ఒక్కసారిగా ఎందుకు పెరిగిందని పైఅధికారి సంజాయిషీ అడిగారు. ఇంటి నుంచి తెచ్చిన ఆహారం ఒంటిగంటకు అయిపోయిందని వ్యాఖ్యల గడిలో రాశాను. అంతకు మించి అడగలేదు. షెడ్డు ఆడవాళ్ళకే ఉంది. మరుసటి విడత షెడ్యూల్‌లో నా సిఫార్సు మీద ఒక ప్రశ్న చేర్చారు: వెంట ఏం తెచ్చుకున్నారు, ఎప్పటికి అయిపోయింది? పర్యాటకుడి జేబు గురించి అడిగే ముందు అతని క్యారియర్ మూత తీసి చూడాలని నేను నేర్చుకున్నాను. సంతోష్ చెప్పిన మాట మాత్రం ఏ గడిలోనూ రాయలేదు. మా ఆయన దీన్ని అచ్చులోనే మొదటిసారి చదువుతారు.