తుపాకీ లేని వీడియో

"తుపాకీ పట్టుకున్న బిట్టు ఒక్కటి కూడా లేదేంటన్నయ్యా?" అని అడిగాడు హనుమాన్ జంక్షన్‌లో స్టూడియో ఓనరు. అతని కంప్యూటర్ తెర మీద నా స్నేహితుడు మంచుకొండల్లో, గుడారంలో కూర్చుని మామిడిపండు పిసుకుతున్నాడు. ఆ ప్రశ్నకే నాకు ఒళ్ళు మండింది.

"లేదు. కావాలనే తియ్యలేదు" అన్నాను.

సైన్యంలో చేరకముందు నేను ఆగిరిపల్లి చుట్టుపక్కల పెళ్ళిళ్ళకు వీడియోలు తీసేవాణ్ణి. ఆ సంగతి తెలిసి యూనిట్ కెమెరా నా మెడలో వేశారు. పెద్ద ఆఫీసర్లు వచ్చిన రోజు తీసేవి వేరు. బూట్లు మెరవాలి, అందరూ కొండల వైపు గంభీరంగా చూడాలి. వాళ్ళు వెళ్ళిపోయాక మాత్రం నేను పెళ్ళిలో భోజనాల పంక్తి తీసినట్టే తీసేవాణ్ణి, ఒక్క ముఖం కూడా వదలకుండా. మంచు కరగబెట్టి నీళ్ళు చేసేవాడొకడు, గడ్డకట్టిన కోడిగుడ్డును సుత్తితో కొట్టేవాడొకడు, తడి మేజోళ్ళు పొయ్యి దగ్గర ఆరబెట్టుకుంటూ బూతులు తిట్టేవాడొకడు, ఇంటికి ఫోన్ చేసే తన వంతు కోసం గోళ్ళు కొరుక్కునేవాడొకడు. అక్కడ మా బతుకు అదే. తుపాకీ అందరి భుజానా ఒకేలా ఉంటుంది, దాన్ని చూసి కన్నతల్లి ఏం గుర్తుపడుతుంది? ఉద్యోగం ముగించి వచ్చేటప్పుడు, చోటు ఆనవాళ్ళు తెలియని ముక్కలు ఏరి మా ఆఫీసరుకు చూపించాను. ఆయన తీసుకెళ్ళమన్నాడు.

ఆ స్నేహితుడిది జి. కొండూరు దగ్గర పల్లె. ఒకసారి నేను సెలవు ముగించుకుని వెళ్తూ, ట్రంకుపెట్టెలో గడ్డి పరిచి పచ్చి రసం మామిడికాయలు పట్టుకెళ్ళాను. దారిలో కొన్ని కుళ్ళిపోయాయి. మిగిలిన వాటిని వాడు బియ్యం గోనెలో పెట్టి, కిరోసిన్ పొయ్యికి కాస్త దగ్గరకు, కాస్త దూరానికి జరుపుతూ పసిపిల్లల్లా చూసుకుని మగ్గబెట్టాడు. తీరా పండ్లు చేతికొచ్చాక మిగతా రాష్ట్రాల వాళ్ళు చాకులు తీశారు. వాడికి ప్రాణం పోయినంత పనైంది. చాకు పెడితే చంపేస్తానని వచ్చీరాని హిందీలో కేకలేసి, పండును అరచేతుల మధ్య మెత్తగా పిసికి, ముచ్చిక గిల్లి, నోరు పొక్కకుండా మొదటి చుక్క సొన పిండి పారేసి, ఎలా చీకాలో నేర్పించాడు. అదంతా తీశాను. చివర కెమెరా వైపు తిరిగి వాళ్ళమ్మతో నాలుగు మాటలు మాట్లాడాడు.

ఆ పండ్లు అయిపోయిన కొద్దిరోజులకే వాడు చనిపోయాడు. ఆ ఎత్తులో గాలి చాలక ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది. మబ్బు విడవక హెలికాప్టర్ రాలేకపోయింది. ఊళ్ళో ఇప్పటికీ అడుగుతారు, "కాల్పుల్లోనేనాండీ?" అని. కాదు, జబ్బు చేసి అంటే ముఖాలు చిన్నబోతాయి. వాడేదో తక్కువరకం చావు చచ్చినట్టు, వీళ్ళకు రావాల్సిందేదో ఎగ్గొట్టినట్టు. ఆ ముఖాలు చూస్తే చెంప పగలగొట్టాలనిపిస్తుంది.

వాళ్ళమ్మ మామిడి తోటల్లో కాయలు ఏరి ట్రేలకెత్తే కూలి. నేను వచ్చాక మొదట చేసిన పని ఆమెను కలవడమే.

"ముఖం ఫొటోలో రోజూ చూస్తానే ఉన్నాను బాబూ. గొంతే మర్చిపోతన్నాను. వాడు అమ్మా అంటే ఎట్టా ఉండేదో నిన్న ఎంత తలుచుకున్నా రాలేదు" అంది. ఆమెది మీటల ఫోను, వాడి మాట ఒక్కటి కూడా అందులో మిగల్లేదు.

నేను వెంటనే నా ఫోన్ తీశాను. ఆమె గబుక్కున చెయ్యి అడ్డం పెట్టింది. ఆ చేతి నిండా సొన కాల్చిన నల్లటి మచ్చలు.

"ఒక్కదాన్నే వినలేను నాయనా. జ్ఞాపకార్థ కూడికలో, ప్రార్థన అయినాక, అందరి మధ్యన వింటాను."

అందుకే స్టూడియోకి వెళ్ళాను. కూడికలో పెద్ద తెర పెట్టేది ఆ ఓనరే. గాలి హోరు తగ్గించు, మాట మాత్రం ముట్టుకోకు అని చెప్పాను. లేచి వచ్చేముందు మళ్ళీ చెప్పాను. "అట్టాగే అన్నయ్యా" అన్నాడు.

కూడిక రోజున చర్చి పక్కన షామియానా వేశారు. దారి మొదట్లోనే ఫ్లెక్సీ. వాడి తలను తుపాకీ పట్టుకున్న ఎవరిదో ఒంటికి అతికించారు. దాని మీద ఆ ఊరి చోటా నాయకుడి ముఖం, చచ్చిపోయినవాడి ముఖానికి రెండింతలు! దాన్ని అక్కడే చింపేసేవాణ్ణి, ఆమె కోసం ఊరుకున్నాను. ఆమె ముందు వరుసలో, ప్లాస్టిక్ కుర్చీలో, తల మీద కొంగు కప్పుకుని కూర్చుంది. పాస్టరుగారు ప్రార్థన ముగించారు. తెర వెలిగింది.

డప్పుల మోత. బాంబులు. ఎక్కడివో ట్యాంకులు, ఎవరో పరిగెడుతున్న జవాన్లు. ఆ తర్వాత మావాడు. స్లో మోషన్‌లో పండు పిసుకుతున్నాడు, వెనక జెండా ఊగుతోంది, మీద హోరెత్తే పాట. జనం చప్పట్లు కొట్టారు. వాడి పెదవులు కదులుతున్నాయి. ఆమె ముందుకు వంగింది. చెవి వెనక చెయ్యి పెట్టుకుంది. తర్వాత నా వైపు తిరిగింది.

"బాబూ, మావాడి మాట ఇనపడట్లేదేంటి? నా చెవులు గానీ పోయినియ్యా?"

"నీ చెవులు బాగానే ఉన్నాయి పిన్నీ" అని లేచాను.

స్టూడియో ఓనరు సౌండు బాక్సుల దగ్గర నిలబడి ఉన్నాడు. నన్ను చూసి నవ్వాడు, మెచ్చుకోవడానికి వస్తున్నాననుకుని.

"మాట ఏదిరా?"

"అదేంటన్నయ్యా, నీకు తెలీందా? పెళ్ళి వీడియోకైనా మాటలు తీసేసి పాటే కదా వేస్తాం. అయినా మామిడిపండు గోల వింటే జనం నవ్వరూ?"

నిజమే, మా వైపు ఏ పెళ్ళి వీడియోలోనూ మనుషుల గొంతులుండవు. మంత్రాలు, ఏడుపులు, వేళాకోళాలు, అన్నీ పాటల కింద పడి పోతాయి. ఇతను పగతో చెయ్యలేదు. చెయ్యి అలవాటైన పని చేసింది. గౌరవం చేశాననుకుంటున్నాడు కూడా. అందుకే నాకు మరీ మండింది.

"వాడు నవ్వించడానికే మాట్లాడాడురా! నవ్వితే నీదేం పోయింది?" అని వైరు పీకేశాను.

పాట తెగిపోయింది. వెనక వరుసల్లో గొణుగుడు మొదలైంది. "మంచి కార్యక్రమం పాడుచేస్తున్నాడేంటండీ" అన్నాడొక పెద్దమనిషి. "పాడుచేసింది నేను కాదు, కూర్చోండి" అన్నాను. ఆ వైరే నా ఫోనుకు తగిలించి అసలు వీడియో పెట్టాను.

ముందు గాలి హోరు. తర్వాత వాడు.

"అమ్మా! ఇదిగో, మన రసాలు ఇక్కడిదాకా వచ్చినియ్యే! ఈళ్ళకి తినడమే రాదు, చాకులు తెచ్చారు చూడు, సన్నాసులు."

జనం నవ్వారు. ఆమె కూడా నవ్వింది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని.

"అది సరే గానీ, తోటకెళ్ళేటప్పుడు చేతులకి నూనె రాసుకుంటన్నావా లేదా? రాసుకోకుండా కాయ ముట్టుకోమాక. పోయినసారి చూశాగా, సొనకి ఎట్టా కాలిపోయినియ్యో. ఈసారొచ్చి నీ చేతులు చూస్తా."

ఆమె సౌండు బాక్సు వైపే చూస్తూ, "రాసుకుంటన్నాలే నాన్నా" అంది. అని, రెండు చేతులూ గబగబా కొంగు కిందికి దాచేసుకుంది.