ఓడ మళ్లించిన మేనేజరు

గ్యాసు ఓడల బేరాలు చూసే మేనేజరుగారు ఏనాడూ ఓడెక్కిన పాపాన పోలేదు. గోళ్లు కొరుక్కుంటూ కంప్యూటర్ తెర మీద ఓడలు ఎక్కడున్నాయో చూపే చుక్కల్ని చూస్తుంటారు. ఎక్కడో చలి ముదిరి గ్యాసు ధర పెరిగిందంటే ఆయన ముఖం చేటంతవుతుంది. మొన్న మన రేవుకు రావలసిన ఓడను, ఎక్కువ ధర ఇస్తామన్న మరో దేశానికి నడిసముద్రంలోనే మళ్లించేశారు. ఆ ఘనకార్యం ఆఫీసు క్యాంటీన్‌లో కూడా చెప్పుకుని మురిశారు. ఆ ఓడ రాక ఇవాళ ఊరంతా పైపు గ్యాసుకు కోత. క్యాంటీన్‌లో టీ ఒక గుక్క తాగి మొహం చిట్లించారు.

"ఇదేంటమ్మా, చల్లారిపోయింది?"

క్యాంటీన్ నడిపే ఆవిడ ఆరిన పొయ్యి తుడుస్తూ అంది: "మీ ఓడ చేరిన ఊళ్లో అడగండి బాబూ, వేడిగా ఇస్తారు."

ఆయన వెంటనే ఫోన్ తీసి చూశారు.

"ఇంకా చేరలేదమ్మా, రెండ్రోజులు పడుతుంది" అన్నారు గర్వంగా.