రషీద్ చాచా బోర్డుల సైటు

మా అపార్ట్‌మెంట్ గేటుకు రంగు వేస్తున్నారు. అమీన్‌పూర్ చెరువు వైపు నుంచి గాలి వీచినప్పుడల్లా టర్పెంటైన్ వాసన మూడో అంతస్తు దాకా వస్తోంది. నేనేమో ఒక వెబ్ హోస్టింగ్ కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి, అవతల మనిషి గొంతు వినిపించేదాకా వాళ్ళ సంగీతం వింటూ కూర్చున్నాను. ఆ వాసన తగలగానే ధ్యాస అంతా పటాన్‌చెరులోని రషీద్ చాచా షాపుకు పోయింది. అక్కడ గడప దాటగానే మొదట పలకరించేది ఆ వాసనే. చాచా పోయి నాలుగేళ్ళయింది.

ఆయన సైన్‌బోర్డులు రాసే పెయింటర్. పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా కిరాణా కొట్లకు, టైలర్లకు, సైకిల్ షాపులకు తెలుగు, ఉర్దూ రెండింట్లో బోర్డులు రాసిన చెయ్యి. ఫ్లెక్సీలు వచ్చాక కుంచెలు డబ్బాలో పెట్టి ఒక కంప్యూటర్ కొన్నారు. విజిటింగ్ కార్డులు, చిన్న చిన్న వెబ్‌సైట్లు చేసేవారు. డిగ్రీ అయ్యాక లక్డారం నుంచి బస్సులో వచ్చే నన్ను టైపింగ్‌కని పెట్టుకుని, మెల్లగా సైట్ల పని నేర్పారు. ఆయనకంటూ ఒక్క కోరిక ఉండేది. దుకాణాల వాళ్ళు పాత బోర్డులు పీకేసేలోపు ఊరూరా తిరిగి వాటి ఫోటోలు తీసుకున్నారు. అవన్నీ తన పేరుతో ఒక సైటులో ఉండాలని ఆశపడ్డారు.

"సైటుకు జాగా ఇచ్చే కంపెనీల్లో ఏది తక్కువకొస్తే అది తీసుకుందాం చాచా," అన్నాను నేను.

"అగ్గువనే కావాలె బేటా, నాకేం ఫ్యాక్టరీలున్నయా? మొదటి ఏడు అందరు అగ్గువకే ఇస్తరు. రెండో ఏడు ఎంతంటరో గది సూడు," అన్నారు. "గోడ మనది కాదు, రాత మనది. గోడ మీద రాసేటోడు గోడ యజమానిని అడగకుంట కుంచె ముట్టడు."

ఆయన అడిగే పద్ధతి చూస్తే నాకు నవ్వాగేది కాదు. శుక్రవారం నమాజు నుంచి వచ్చాక మూడు కంపెనీలకు వరసగా ఫోన్ చేసేవారు. స్పీడు గురించి, స్పేసు గురించి ఒక్క ముక్క అడిగేవారు కాదు. "సాబ్, రేపు నేను ఖాళీ చేస్తనంటే నా సామాను నాకు ఇస్తరా?" అదొక్కటే ప్రశ్న. అవతలివాళ్ళు తడుముకుంటే సలాం చెప్పి పెట్టేసేవారు. నేను చున్నీ నోటికి అడ్డం పెట్టుకునేదాన్ని. ఆ వయసులో నాకు అన్నీ తెలుసు మరి.

ఆయన పది రోజులు జహీరాబాద్‌లో కూతురింటికి వెళ్ళినప్పుడు, తిరిగొచ్చేసరికి సైటు తయారుగా చూపించాలని తొందరపడ్డాను. మొదటి ఏడు దాదాపు ఉచితమన్న కంపెనీని ఎంచుకున్నాను. ఫోన్ చేయలేదు, ఏమీ అడగలేదు. ఆయన మెచ్చుకున్నారు. ఫోన్ చేశావా అని అడిగితే చేశానన్నాను. ఇక సైటులో ఉన్నాయి కదా అని, జాగా కోసం షాపు కంప్యూటర్‌లోంచి ఆ ఫోటోలు నేనే తుడిచేశాను. ఏడాది తిరిగాక మిగతా కంపెనీల ధరకు నాలుగింతలు కట్టమని మెయిల్ వచ్చింది. ఆయనకు చెప్పడానికి మొహం చెల్లక నానుస్తూ వచ్చాను. గడువు దాటింది. ఒక మధ్యాహ్నం చూస్తే సైటు లేదు. ఫోన్ చేస్తే, అంతా తీసేశాం మేడం అన్నారు.

చెప్పక తప్పలేదు. ఏడుస్తూ చెప్పాను. ఆయన కంప్యూటర్ కట్టేశారు. "జెర చాయ్ చెప్పు," అన్నారు. చాయ్ తాగి గ్లాసు కింద పెట్టాక, "పోయినయి పోయినయి. చెయ్యి ఉన్నది గద," అని కుంచెల డబ్బా దించారు.

అప్పటికి ఆ బోర్డుల్లో చాలావరకు ఊళ్ళలోనూ లేవు. రోజూ మధ్యాహ్నం అట్టముక్కల మీద జ్ఞాపకం కొద్దీ ఒక్కో బోర్డునూ చిన్నగా మళ్ళీ రాసేవారు. నేను ఫోటో తీసి కొత్త సైటులో పెట్టేదాన్ని. ఈసారి ఫోన్లన్నీ నేనే చేశాను, ఆయన పక్కనే కూర్చుని విన్నారు. కొన్నిచోట్ల ఆయన చెయ్యి ఆగిపోయేది. "హత్నూర టైలర్‌ది అంచు పచ్చదా, నీలమా? యాదికొస్తలేదు," అనేవారు. ఆ అంచు రంగు నేను తుడిచేసిన ఫోటోలో ఉంది. సగం కూడా కాకముందే ఆయన మంచాన పడ్డారు. మళ్ళీ లేవలేదు.

ఆయన పోయిన నలభయ్యో రోజు భోజనాల్లో కూతురు నస్రీన్ నాకు అన్నం వడ్డిస్తూ అంది: "మా అబ్బా మతిమరుపుతోటి ఫోటోలన్నీ పోగొట్టుకున్నడక్కా. పైసలు కట్టుడు నేనే మర్సిపోయిన అని మాతోని ఎన్నిసార్లు చెప్పిండో." ఆ రోజు కూడా నేను నిజం చెప్పలేదు.

ఇప్పుడు సైట్లు చేయడమే నా బతుకు. ఎవరొచ్చినా రెండో ఏడు ధర చూపిస్తాను, కాపీ వాళ్ళ చేతికే ఇస్తాను. అంతా ఆయన నేర్పిందే. ఈ నెల ఆయన సైటును కొత్త చోటికి మార్చేటప్పుడు మొదటి పేజీలో ఒక వాక్యం చేర్చాను: "ఇందులోని అసలు ఫోటోలు పోయింది రషీద్ గారి మరుపు వల్ల కాదు, నా వల్ల." కింద నా పేరు రాశాను.

నస్రీన్ చూసి ఫోన్ చేసింది. "గా ముక్క తీసెయ్ అక్కా. అబ్బా ఉంటే ఊకుంటుండెనా?" అంది.

తీయలేదు. ఆయన వచ్చి, ఊరుకోక, ఒక్కసారి నన్ను తిడితే బాగుండునని ఉంది.