తగిలినవాళ్ళే చెప్పాలి

బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో ఉన్న రోజుల్లో మా ఆవిడ ప్రతి ఆదివారం పొద్దున కత్తియుద్ధం నేర్చుకోవడానికి వెళ్ళేది. వారమంతా హాస్పిటల్ ల్యాబ్‌లో సూక్ష్మక్రిములతో గడిపే మనిషికి అయిదువందల ఏళ్ళనాటి జర్మన్ కత్తిసాము దేనికో నాకు అర్థమయ్యేది కాదు.

"రాజుల పీడ వదిలిందనుకుంటుంటే మీవాళ్ళంతా మళ్ళీ వాళ్ళ ఆయుధాలకి దుమ్ము దులుపుతున్నారు. ఇది భజన కాక మరేమిటి?" అన్నానొకరోజు టిఫిన్ దగ్గర.

"చూడకుండా తీర్పు చెప్పే అలవాటు ఎప్పట్నుంచండీ మీకు? ఈ సండే మీకు ఆన్-కాల్ డ్యూటీ లేదుగా, రండి. ఆ మాట మీరే వెనక్కి తీసుకుంటారు."

"తీసుకోను."

"చూద్దాంలెండి."

నేను గుంటూరు హేతువాద సభల్లో పెరిగినవాణ్ణి. పాత పుస్తకంలో ఉంది కనుక నిజమనేవాళ్ళతో గొంతు బొంగురుపోయేదాకా వాదించినవాణ్ణి. ఇక్కడా వాదానికి సిద్ధపడే వెళ్ళాను.

చర్చి పక్కన హాలు, పదిమంది మనుషులు. అంచులు మొద్దుగా ఉన్న ఉక్కు కత్తులు, ముఖాలకి జాలీ మాస్కులు, దూది కుట్టిన కోట్లు. నేర్పే పెద్దాయన సిటీ బస్సు డ్రైవరు. ఆనాటి కత్తిసాము గ్రంథం చదవడం కోసం, డిక్షనరీ పక్కన పెట్టుకుని పాత జర్మన్ భాష తనంతట తానే నేర్చుకున్నాడట. నాకు టీ అందించిన లైబ్రరీ ఉద్యోగినిని, ఇక్కడికి ఎందుకొస్తారని అడిగాను.

"సినిమాల్లో చూపించేదంతా అబద్ధమని అనుమానం వచ్చింది. తేల్చుకుందామని వచ్చాను," అంది.

అచ్చం సభల్లో నేననే మాటే.

ఆ రోజు అక్కడ ఒక తగువు తేలాలి. నెత్తి మీదికి కత్తి దిగుతుంటే ఏం చెయ్యాలి? ముందు అడ్డుకుని ఆ తర్వాత కొట్టాలని పెద్దాయన ఆరేళ్ళుగా నేర్పుతున్నాడు. దాని మీద చిన్న పుస్తకం కూడా రాసి, ఫొటోలు తీయించి, అచ్చుకివ్వబోతున్నాడు. పాత గ్రంథంలోని బొమ్మలో మనిషి పక్కకి జరుగుతూ ఆ రెండు పనులూ ఒకే ఊపులో చేస్తున్నాడని మా ఆవిడ వాదన.

"అయితే చేసి చూపించు. నేను మెల్లగా కొట్టను సుమా," అన్నాడాయన.

అక్కడ న్యాయనిర్ణేత లేడు. దెబ్బ ఎవరికి తగిలితే వాళ్ళే చెయ్యెత్తి చెప్పాలి.

"చెప్పకపోతే?" అని లైబ్రరీ ఆవిణ్ణి అడిగాను.

"వాళ్ళతో ఇంకెవరూ కత్తి కలపరు."

మొదటిసారి ఆయన కత్తి ఖంగుమని మా ఆవిడ మాస్కు మీద పడింది. రెండోసారీ అంతే. రెండుసార్లూ చెయ్యెత్తింది. ఇక చాలు, ఇంటికి పోదామని అరవబోయాను. మూడోసారి ఇద్దరూ క్షణంసేపు కలిసి విడిపోయారు. ఎవరికీ ఏమీ తగిలినట్టు నాకు కనబడలేదు. మిగతావాళ్ళూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అప్పుడు పెద్దాయన కత్తి దించి ఎడమచెయ్యి పైకెత్తాడు.

"తగిలింది. మోచేతి కింద. మళ్ళీ కానీ."

మళ్ళీ తగిలింది. మళ్ళీ చెయ్యెత్తాడు. మాస్కు తీసి, బెంచీ మీద కూర్చుని, సంచిలోంచి రాతప్రతి తీశాడు. ఆ పేజీ ఈ చివరనుంచి ఆ చివరకి పెన్సిల్‌తో కొట్టేశాడు.

"ఫొటోలు మళ్ళీ తీయాలి. ఈసారి నువ్వే నిలబడాలి," అన్నాడు మా ఆవిడతో. ముఖంలో ఓడిన బాధ కంటే, ముడి విడిందన్న సంతోషమే ఎక్కువుంది.

ఆయన ఊరుకుంటే ఆ దెబ్బ లేనట్టే. గుంటూరులో ఒక సభ గుర్తొచ్చింది. ఎదుటివాడి ప్రశ్న సూటిగా తగిలింది. నా దగ్గర జవాబు లేదు. గొంతు పెంచి చప్పట్లు కొట్టించుకున్నాను. ఏ వేదిక మీదా నేను చెయ్యెత్తిన పాపాన పోలేదు. పాత పుస్తకాన్ని నెత్తిన పెట్టుకోకుండా, తగలబెట్టకుండా, ఒళ్ళు పణంగా పెట్టి పరీక్షించే మనుషుల్ని అంతకుముందు నేను చూడలేదు.

కారులో మా ఆవిడ మణికట్టు రుద్దుకుంటూ, "ఏవండీ, భజన ఎలా ఉంది?" అంది.

స్టీరింగ్ మీంచి ఎడమచెయ్యి పైకెత్తాను.

"సరే సరే, తెలిసింది. రౌండెబౌట్ మలుపు వస్తోంది, ముందు రెండు చేతులతో పట్టుకోండి!"