కోపం రాని ఫ్రేముల తాత

ఫ్రేముల తాతకు పుట్టి బుద్ధెరిగాక కోపమే రాలేదని, అందుకే తొంభై ఏళ్లొచ్చినా గుండ్రాయిలా ఉన్నాడని వీధిలో చెప్పుకునేవారు. పక్కన టీ కొట్టతను దానికి ఇంకాస్త కలిపేవాడు. "యముడొచ్చి పూటంతా తిట్టాడట. తాత పలకలేదు. విసుగొచ్చి ఆయనే వెళ్ళిపోయాడట!"

తాత ఫొటోలకు ఫ్రేములు కట్టేవాడు. ముందు గదిలో బల్ల, బల్ల వెనక కూతురి స్టూలు. వెనక గదిలో ఆయన, ఆయన గాజు పలకలు. గాజు కోసేటప్పుడు చెయ్యి వణక్కూడదని మధ్య తలుపు ఎప్పుడూ మూసే ఉంచేవారు.

కూతురికి యాభై అయిదేళ్లు. ఆ ఉదయం డాక్టరు ఆవిడ చేతికి పట్టీ చుట్టి బీపీ చూశాడు. నమ్మకం కలగక మళ్ళీ చూశాడు.

"కొట్లో ఆ అరుపులు తగ్గకపోతే నా మాత్రలేం చేస్తాయమ్మా? మీ నాన్నగారిని చూసి నేర్చుకోండి."

ఆ మాటే నెమరేసుకుంటూ వచ్చి కొట్టు తెరిచింది. తెరిచిందో లేదో ఒకాయన ఫ్రేమును బల్ల మీద ధడాలున పెట్టాడు.

"మా పెళ్ళి ఫొటోలో మా బావమరిది చెవి ఏది? అంచు కింద తొక్కేశారు! మా ఆవిడ నన్ను గుమ్మం తొక్కనివ్వట్లేదు!"

ఎప్పటిలా నోరు తెరవబోయింది. అప్పటికే గుండె దడదడలాడుతోంది. లేచి మధ్య తలుపు తీసింది.

"నాన్నా, మీకోసం ఎవరో వచ్చారు."

"నాకోసమా?"

"మీకోసమే. వెళ్ళండి."

ఆయన వెళ్ళాక తలుపు వేసి, ఆయన కుర్చీలో కూలబడింది. అరుపులు ఎక్కడో దూరంగా వినిపించాయి. లోపల ఇంత చల్లగా ఉంటుందని ఆవిడకు తెలియదు. కాసేపటికి ఎన్నడూ వినని గొంతొకటి కీచుమంది.

"ఫొటోలో నువ్వున్నావా?"

"ఉన్నాను."

"మీ ఆవిడుందా?"

"ఉంది."

"మరి పెళ్ళి మీదా, బావమరిదిదా?"

టీ కొట్టతను పరుగున వచ్చి తలుపు బాదాడు. "అక్కా! తాతకు కోపమొచ్చింది! ఈ వయసులో... ఆయనకేమైనా అయితే?"

ఆవిడ గబుక్కున లేచింది. బయటికి వచ్చేసరికి ఆ మనిషి వెళ్ళిపోయాడు. తాత స్టూలు మీద కూర్చుని నుదురు తుడుచుకుంటున్నాడు.

"రోజూ ఇంతేనా?" అన్నాడు.

"ఇవాళ నయం."

"మీ అమ్మ ఎప్పుడూ చెప్పలేదే."

"తలుపు మూసి ఉండేది కదా నాన్నా."

ఆయన నీళ్ళు తాగాడు. ఇకమీదట మధ్యాహ్నాలు స్టూలు మీద తానే కూర్చుంటానని, ఆమెను లోపల పడుకోమని అన్నాడు.

కూతురు ముసలాయన ప్రాణం తోడేస్తోందని మర్నాటి నుంచి వీధిలో కొత్త మాట మొదలైంది. ఆయన మాత్రం రోజూ వచ్చి కూర్చునేవాడు.

స్టూలు వెనక గోడకు ఆయన భార్య ఫొటో ఉంటుంది. ఫ్రేము ఆయనే కట్టాడు. కూతురు బడి మానేసి వచ్చేదాకా ఆ స్టూలు ఆవిడదే. నలభై నాలుగో ఏట, దాని మీదే పోయింది.