పెద్దమ్మ చీలమండ

ఈమధ్య మెట్టు తప్పి నా కాలు బెణికితే, ఫిజియోథెరపీ అమ్మాయి కుర్చీలో కూర్చోబెట్టి బొటనవేలితో గాలిలో అక్షరాలు రాయమంది. 'ఆ' దాటకముందే నాకు విసుగొచ్చింది. ఓపిక లేకపోవడం నాకు కొత్త కాదు. ఇరవై ఏళ్ళప్పుడు లోకం సాయంత్రానికల్లా మారిపోవాలని ముమ్మిడివరంలో తిరిగేవాణ్ణి. గుళ్ళో ఆడవాళ్ళచేత ఆడించడం మానాలని సభల్లో ఉపన్యాసాలిచ్చేవాణ్ణి. ఇంటికొస్తే మా పెద్దమ్మ, అంటే అమ్మకి అక్క, ఆ గుళ్ళోనే ఆడే మనిషి.

ఒక ఏడు కల్యాణోత్సవానికి రెండు నెలల ముందు, అభ్యాసం చేస్తూ ఆవిడ చీలమండ బెణికింది. కట్లు కట్టే ఆయన మినప్పిండి, గుడ్డుసొన పట్టించి, వెదురుబద్దలు బిగించి, నలభై రోజులు కదపొద్దన్నాడు. విప్పేసరికి పాదం పీటచెక్కలా బిగుసుకుపోయింది. ఉత్సవానికి ఇంకా ఇరవై రోజులే ఉన్నాయి. ఇంట్లోవాళ్ళు మంత్రించిన తాడు కడదామంటే నేను ఎగిరిపడి, యుద్ధంలో దెబ్బతిన్న సిపాయిల చేత కసరత్తులు చేయించి వచ్చిన మిలిటరీ కాంపౌండరు గారిని లాక్కొచ్చాను.

ఆయన వేడినీళ్ళు, చన్నీళ్ళు మార్చి మార్చి పెట్టించారు. కాలివేళ్ళతో తువ్వాలు లాగించారు. గోడ పట్టుకుని మునివేళ్ళ మీద లేచి మెల్లగా దిగమన్నారు. "ఒకటి, రెండు" అని సైన్యం లెక్క. ఆ లెక్కకి పెద్దమ్మ కాలు లేవలేదు.

"ఇదేం లెక్కండీ, బియ్యం కొలుస్తున్నట్టు?" అంటూ తనే తకధిమి అని ఆట జతులు పలుకుతూ మొదలుపెట్టింది. కాలు తేలిగ్గా లేచింది. "ఆయ్, బాగుందండీ" అని ఆయన మురిసిపోయి వెళ్ళారు. మర్నాటికి చీలమండ బూరెలా పొంగింది. జతి చివర మడమ నేలకేసి కొట్టకుండా ఆవిడ ఆగలేకపోయిందట.

"ఆ ఆఖరి దెబ్బ తీసేయండి అమ్మగారూ" అన్నారు మళ్ళీ వచ్చిన కాంపౌండరు గారు.

"తీసేస్తే అన్నం తిని చెయ్యి కడుక్కోనట్టుంటాదండీ."

చివరికి ఆ పని నా నెత్తిన పడింది. ఆఖరి దెబ్బ నేను చెక్కమీద కొట్టాలి, ఆవిడ పాదం గాలిలోనే ఆగాలి.

"ఏరా, సభలో నా ఆట ఆపమంటావు, ఇక్కడ నా జతి పూర్తి చేస్తావు. ఏ మాట నమ్మమంటావు?"

"కాలు నీది పెద్దమ్మా. ఆడించేది గుడి. నా కోపం గుడిమీద."

"మరి ఆడేది నేను కదరా!"

చెక్కమీద నా దెబ్బ తాళం తప్పింది.

ఉత్సవంనాడు ఆవిడ ఆడింది, ఆఖరి దెబ్బలతో సహా. నేను లోపలికి పోలేక, సభకి ఆలస్యమవుతున్నా కదల్లేక, మండపం బయట అటూ ఇటూ తిరుగుతూ ప్రతి మడమ చప్పుడూ విన్నాను. రెండేళ్ళకి గుళ్ళో ఆడవాళ్ళ ఆట మాన్పిస్తూ చట్టం వచ్చింది. అది న్యాయమైన చట్టమేనని ఇప్పటికీ వాదిస్తాను. ఆ తర్వాత పెద్దమ్మ ఇరవై ఏళ్ళు బతికింది, చక్కటి కాళ్ళతో, ఎక్కడా ఆడకుండా. ఆడతావా, మానతావా అని మేమెవరమూ ఆవిడని అడగలేదు. ఆ కాలు బాగుపడటానికి ఇరవై రోజులు చాలాయి. అది ఎవరి కాలో తెలుసుకోవడానికి నాకు ముసలితనం దాకా పట్టింది.